రెండేళ్ళ లాటిన్, రెండేళ్ళ స్పానిష్

అమెరికాలో ఎనిమిదో తరగతి చివరికి వచ్చిన పిల్లల ఇళ్ళకు స్కూలు నుంచి ఒక ఫారం వస్తుంది. హైస్కూల్లో ఏయే సబ్జెక్టులు తీసుకుంటారో రాసి పంపమంటుంది. లెక్కల దగ్గర, సైన్సు దగ్గర తెలుగు కుటుంబాలకు పెద్దగా తర్జనభర్జన ఉండదు. భాష అన్న గడి దగ్గరే పెన్ను ఆగుతుంది. స్పానిష్ దాదాపు ప్రతి బడిలోనూ ఉంటుంది. ఫ్రెంచ్ చాలాచోట్ల ఉంటుంది. జర్మన్, చైనీస్, లాటిన్ దొరకడం ఊరిని బట్టి. లాటిన్ ఉన్న బడి అయితే తల్లిదండ్రుల్లో రెండు పక్షాలు తయారవుతాయి. లాటిన్ చదివిన పిల్లలకు శాట్‌లో మార్కులు బాగా వస్తాయి, మెడిసిన్‌లో పేర్లు సులువుగా పట్టుబడతాయి, పునాది పడింది కాబట్టి స్పానిష్ తరవాత ఎప్పుడైనా వచ్చేస్తుంది అని ఒక పక్షం. మాట్లాడే మనిషి లేని భాష ఎందుకు, స్పానిష్ అయితే ఏ ఊళ్ళో ఉన్నా పనికొస్తుంది, పైగా తేలిక అని ఇంకో పక్షం.

ఈ వాదనలు మనవాళ్ళు కొత్తగా తెచ్చినవి కావు. రెండున్నర శతాబ్దాలకు పైగా ఆ దేశంలో సాగుతున్నవే. వాటిలో కొన్నిటిని పరిశోధకులు పరీక్ష పెట్టి చూశారు కూడా. ఆ చరిత్రనూ ఆ ఫలితాలనూ కలిపి చూస్తే నాకు తేలింది ఇది: రెండు భాషలకూ సొంత విలువ గట్టిగానే ఉంది. శాట్, మెడిసిన్, పునాది అంటూ పక్కనుంచి తెచ్చి తగిలించిన విలువలే నిలబడవు. ఏ భాష అన్న ప్రశ్న కన్నా ఎన్నేళ్ళు అన్న ప్రశ్న పెద్దది. ఫారం నింపేటప్పుడు దాన్ని అడిగేవాళ్ళు తక్కువ.

బోస్టన్ లాటిన్ స్కూల్ 1635లో మొదలైంది. హార్వర్డ్ పుట్టింది ఆ మరుసటి ఏడు. వరస అలా ఉండటంలో ఆశ్చర్యం లేదు. హార్వర్డ్‌లో చేరాలంటే రోమన్ రచయిత సిసెరోను అక్కడికక్కడ చదివి అర్థం చెప్పగలగాలి, లాటిన్‌లో వచనమూ పద్యమూ అల్లగలగాలి. ప్రభుత్వ కొలువులోకైనా చర్చి వేదిక మీదికైనా దారి ఆ భాష గుండానే. ఆ స్కూల్లో కొద్దికాలం చదివి మానేసిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ పెద్దయ్యాక తనంతట తాను ఫ్రెంచ్, ఇటాలియన్, స్పానిష్ నేర్చుకున్నాడు. తరవాత ఒకరోజు లాటిన్ బైబిలు తిరగేస్తే, అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ అర్థమైంది. దాంతో ఆయన ఆత్మకథలో ఒక సూచన చేశాడు: పిల్లలకు ముందు బతికున్న భాషలు నేర్పి, వాటి మీదుగా లాటిన్‌కు తీసుకెళ్ళాలి, మధ్యలో చదువు మానేసినా చేతిలో పనికొచ్చే భాష ఒకటి మిగులుతుంది. ఇంత కాలం తరవాత కూడా ఆ సూచనకు బదులు చెప్పడం లాటిన్ పక్షానికి కష్టమే.

1900 నాటికి అమెరికా ప్రభుత్వ హైస్కూళ్ళలో సగం మంది పిల్లలు లాటిన్ చదువుతున్నారు. అయితే ఆ రోజుల్లో హైస్కూలు గడప తొక్కేది ఆ వయసు పిల్లల్లో పదిమందికి ఒకరు. చదువు అందరికీ అందుతున్న కొద్దీ లాటిన్ వాటా తగ్గుతూ వచ్చింది. స్పానిష్ చదివేవాళ్ళు అప్పటికి నూటికి ఒకరు కూడా లేరు. ఇంగ్లీషు తరవాత బడిలో ఎక్కువగా వినిపించే ఆధునిక భాష జర్మన్. 1915లో హైస్కూల్ పిల్లల్లో దాదాపు నాలుగోవంతు మంది చదివేవారు.

మొదటి ప్రపంచ యుద్ధం ఈ పటాన్ని తలకిందులు చేసింది. శత్రువు భాష అన్న కోపంలో బడులు జర్మన్‌ను ఊడ్చేశాయి. 1922కల్లా దాన్ని చదివేవాళ్ళు నూటికి ఒకరికన్నా తక్కువయ్యారు. ఆ ఖాళీలోకి స్పానిష్ వచ్చింది. అదే ఏడు దాని వాటా పదకొండు శాతం దాటింది. 1914లో పనామా కాలువ తెరుచుకోవడం, దక్షిణ అమెరికాతో వ్యాపారం పెరగడం దానికి తోడయ్యాయి. స్పానిష్ ఉపాధ్యాయుల జాతీయ సంఘం పుట్టింది 1917లోనే.

ఆ రోజుల నెబ్రాస్కా చట్టం ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. ఎనిమిదో తరగతి దాటని పిల్లలకు పరాయి భాష నేర్పడం నేరమని 1919లో ఆ రాష్ట్రం శాసించింది. రాబర్ట్ మేయర్ అనే చర్చి బడి పంతులు పదేళ్ళ పిల్లవాడికి జర్మన్‌లో బైబిలు కథ చదివిస్తూ పట్టుబడ్డాడు. జరిమానా పాతిక డాలర్లు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1923లో ఆ చట్టం చెల్లదని తీర్పు వచ్చింది. తీర్పులోనే నమోదైన విషయం: లాటిన్, గ్రీకు, హీబ్రూ లాంటి ప్రాచీన భాషలు ఆ నిషేధం కిందికి రావని రాష్ట్ర న్యాయస్థానం అంతకుముందే చెప్పింది. స్పానిష్, ఫ్రెంచ్, ఇటాలియన్ మాత్రం వస్తాయి. పొరుగింటివాడు మాట్లాడే భాష అంటే భయం. ఎవరూ మాట్లాడని భాష అంటే గౌరవం. లాటిన్‌కు బడిలో దక్కిన పరువులో ఈ భయం పాలు ఎంతుందో గుర్తుపెట్టుకుని తీరాలి.

1957లో సోవియట్ రష్యా స్పుత్నిక్‌ను పైకి పంపాక అమెరికా ఉలిక్కిపడి మరుసటి ఏడు దేశ రక్షణ పేరుతో విద్యా చట్టం తెచ్చింది. భాషల మీద డబ్బు కుమ్మరించింది, కానీ ఆధునిక భాషల మీదే. లాటిన్ 1962 దాకా ఎలాగో నిలదొక్కుకుంది; ఆ సంవత్సరం ఏడు లక్షల మంది చదివారు. 1976 నాటికి వాళ్ళు లక్షన్నరకు దిగిపోయారు. కాలేజీలు ప్రవేశ నిబంధనలు సడలించాయి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లే 1960లో లాటిన్ తప్పనిసరి కాదన్నాయి. రెండో వాటికన్ సభ తరవాత కాథలిక్కు చర్చిల్లో పూజ కూడా స్థానిక భాషల్లోకి మారింది. ఆదుకోవడానికి లాటిన్ ఉపాధ్యాయులు గట్టిగానే నడుం కట్టారు. 1977లో జాతీయ లాటిన్ పరీక్ష మొదలుపెట్టారు. అది పెరిగి ఏటా లక్ష మందికి పైగా రాసే పరీక్ష అయింది. 2017లో వెలువడిన దేశవ్యాప్త లెక్క ప్రకారం బడుల్లో పరభాష చదివే పిల్లలు కోటీ ఆరు లక్షలు. అందులో స్పానిష్ వాళ్ళు డెబ్భై మూడు లక్షల పైన. ఫ్రెంచ్ పదమూడు లక్షలకు దగ్గర. లాటిన్ రెండు లక్షల పదివేలు, అంటే చైనీస్ కన్నా కొంచెం తక్కువ.

లాటిన్ పెద్దింటివాళ్ళ భాష అన్న మాట సగమే నిజం. మిగతా సగం వాషింగ్టన్‌లోని ఎమ్ స్ట్రీట్ హైస్కూల్లో కనిపిస్తుంది. నల్లజాతి పిల్లల కోసం నడిచిన ప్రభుత్వ బడి అది. బానిసగా పుట్టిన ఆనా జూలియా కూపర్ అక్కడ లాటిన్ పంతులమ్మ, 1902 నుంచి 1906 దాకా ప్రిన్సిపాల్. నల్లపిల్లలకు చేతిపనులు నేర్పితే చాలు, కాలేజీ చదువులు ఎందుకని పైవాళ్ళు ఒత్తిడి తెచ్చిన కాలం. ఆమె లొంగలేదు. ఆమె చేతికింది పిల్లలు హార్వర్డ్‌కీ, యేల్‌కీ వెళ్ళారు. ఆమె ఉద్యోగం పోయింది. కొన్నేళ్ళ తరవాత మళ్ళీ అదే బడికి లాటిన్ చెప్పడానికే వచ్చింది. నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఈ.బి. డూబోయ్స్ తొలి యూనివర్సిటీ ఉద్యోగం కూడా విల్బర్‌ఫోర్స్‌లో లాటిన్, గ్రీకు చెప్పడమే. నీకు ఇది అక్కర్లేదు అని ఎవరికైతే చెప్పారో వాళ్ళే పట్టుబట్టి నేర్చుకున్న భాష కూడా లాటిన్. బీద పిల్లల బడిలో లాటిన్ తీసేసి డబ్బున్నవాళ్ళ బడిలో ఉంచడం నాకు ఎప్పుడూ మింగుడుపడని విషయం.

ఇక అసలు వాదనల దగ్గరికి వద్దాం. లాటిన్ బుర్రకు పదును పెడుతుందన్నది పాత నమ్మకం. దీన్ని మొదట గట్టిగా పరీక్షించినవాడు కొలంబియా యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థోర్న్‌డైక్. ఎనిమిదివేల మందికి పైగా హైస్కూల్ పిల్లలకు ఏడాది మొదట్లో ఒకసారి, చివర ఒకసారి పరీక్ష పెట్టి, ఏ సబ్జెక్టు చదివినవాళ్ళ ఆలోచనా శక్తి ఎంత పెరిగిందో 1924లో లెక్క తేల్చాడు. లాటిన్ చదివినందువల్ల వచ్చిన ప్రత్యేక లాభం చెప్పుకోదగినంత లేదు. తెలివైన పిల్లలు లాటిన్ ఎంచుకుంటున్నారు కాబట్టి లాటిన్ తెలివినిస్తున్నట్టు కనబడుతోందని ఆయన తేల్చిన విషయం. ఈ ఒక్క వాక్యం ఇవాళ్టి శాట్ వాదనకూ సరిగ్గా సరిపోతుంది. లాటిన్ పిల్లల సగటు మార్కులు ఎక్కువన్నది నిజమే. కానీ ఆ క్లాసులోకి వచ్చేదే ఇంట్లో పుస్తకాలున్న, చదువు మీద ఇష్టమున్న పిల్లలు. పైగా శాట్ కూడా మారింది. సామ్యాల ప్రశ్నలు 2005లో పోయాయి; అరుదైన మాటలు కంఠతా పట్టించే ప్రశ్నలు 2016లో పోయాయి. అమ్మానాన్నలు చెప్పే లాభం ఇప్పుడు లేని ఒక పరీక్షకు సంబంధించింది.

లాటిన్ వైపు నిలబడే రుజువులు అసలు లేవని కాదు. 1960ల చివర్లో, 70లలో ఫిలడెల్ఫియా ప్రభుత్వ బడుల్లో ఐదు, ఆరు తరగతుల పిల్లలకు రోజుకు ఇరవై నిమిషాలు లాటిన్ చెప్పారు. ఎక్కువమంది బీద కుటుంబాల పిల్లలు. ఆటలూ కథలూ, ఇంగ్లీషు మాటల మూలాలూ కలిపి నడిపిన క్లాసులు. లాటిన్ లేని పిల్లలతో పోలిస్తే ఇంగ్లీషు పదజాలంలో ఏడాది ముందుకు వెళ్ళారని నివేదికలు చెప్పాయి. ఇక్కడ గమనించవలసింది, ఆ క్లాసుల్లో ఇంగ్లీషు మాటలను విప్పి చూపించడమే పాఠంలో పెద్ద భాగం. ఏది నేర్పారో అది వచ్చింది. అదే మేలు లాటిన్ పక్కన కూర్చుంటే దానంతట అది రాదు.

మరింత సూటిగా తగిలే రుజువు జర్మనీ నుంచి వచ్చింది. అక్కడి బడుల్లో లాటిన్ ఇప్పటికీ బలంగా ఉంది కాబట్టి పోల్చడానికి వీలు. లుడ్విగ్ హాగ్, ఎల్స్‌బెత్ స్టెర్న్ 2003లో ప్రచురించిన వ్యాసంలో రెండు విషయాలు చూశారు. నాలుగేళ్ళు లాటిన్ చదివినవాళ్ళకీ, రెండేళ్ళు చదివినవాళ్ళకీ, అసలు చదవనివాళ్ళకీ తర్కంలో తేడా కనబడలేదు. ఇక రెండోది, మన చర్చకు ముఖ్యమైనది: స్కూల్లో లాటిన్ చదివి వచ్చినవాళ్ళనూ ఫ్రెంచ్ చదివి వచ్చినవాళ్ళనూ యూనివర్సిటీలో స్పానిష్ కోర్సులో కూర్చోబెట్టి చివర్లో పరీక్షించారు. ఫ్రెంచ్ వాళ్ళే మెరుగు. ముఖ్యంగా క్రియారూపాల్లో, ప్రిపొజిషన్ల వాడుకలో వాళ్ళ తప్పులు తక్కువ. చిన్న అధ్యయనమే, కానీ దాని వెనక కారణం స్పష్టంగానే ఉంది. లాటిన్‌లో నామవాచకం చివర మారి చెప్పే పనిని స్పానిష్‌లో విడి మాటలు చేస్తాయి. తల్లి అయిన లాటిన్ పోలికల కన్నా, అక్కాచెల్లెళ్ళయిన ఫ్రెంచ్, స్పానిష్‌ల పోలికలే నేర్చుకునేవాడికి ఎక్కువ అక్కరకొస్తాయి. ఫ్రాంక్లిన్ తన అనుభవంతో చెప్పినదే ఇది.

అంటే స్పానిష్ కోసం లాటిన్ చదవడం చుట్టుదారి. అయితే ఒకటి ఒప్పుకోవాలి: రెండూ చదివినవాళ్ళకు దొరికే ఆనందం వేరే ఉంది. లాటిన్‌లో మాట మొదట ఉన్న ‘ఫ’ స్పానిష్‌లో ఊపిరై ఆరిపోయింది, ఫీలియుస్ అనే కొడుకు ఇహో అయ్యాడు. నోక్తెమ్ అనే రాత్రి నోచే అయింది; అదే దారిలో ఎనిమిది అనే ఓక్తో ఓచో అయింది. ఈ మార్పులు ఇష్టం వచ్చినట్టు జరగలేదు, వరసగా ఒక పద్ధతిలో జరిగాయి. ప్రాకృతాలకు సంస్కృతంతో ఉన్న బంధం తెలిసిన పాఠకుడికి ఇది కొత్తగా అనిపించదు. స్పానిష్‌కు 1492లో మొదటి వ్యాకరణం రాసిన ఆంతోనియో దే నెబ్రిహా, దానికి పదకొండేళ్ళ ముందు లాటిన్ పాఠ్యపుస్తకం రాసి పేరు తెచ్చుకున్నవాడే. చాలా కాలం స్పానిష్ అంటే సరిగ్గా మాట్లాడని లాటిన్ అనుకున్న పండితుల మధ్య, దానికీ ఒక వ్యాకరణం ఉందని చూపించడానికి ఆ లాటిన్ చదువే ఆయనకు సాధనమైంది.

మెడిసిన్ వాదన గురించి రెండు మాటలు చాలు. శరీర భాగాల పేర్లు ఎక్కువగా లాటిన్, జబ్బుల పేర్లు ఎక్కువగా గ్రీకు. వాటికి కావలసింది కొన్ని వందల ధాతువులు, ప్రత్యయాలు. ఒక చిన్న కోర్సులో అయిపోతాయి. దానికోసం లాటిన్ క్లాసులో నాలుగేళ్ళు సీజర్ సేనల వెంట నడవనక్కర్లేదు. టెక్సస్‌లోనో కాలిఫోర్నియాలోనో ఆసుపత్రిలో పనిచేయబోయే పిల్లకు రోగితో నేరుగా మాట్లాడే స్పానిష్ అంతకన్నా ఎన్నో రెట్లు పనికొస్తుంది. డాక్టరుగా స్థిరపడిన తెలుగువాళ్ళు ఎంతోమంది ఈ మాట ఉద్యోగంలో చేరాకే తెలుసుకుంటున్నారు.

స్పానిష్ తేలిక అన్న మాటకు వద్దాం. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పే సంస్థ నడుపుతుంది. ఇంగ్లీషు వచ్చినవాళ్ళకు స్పానిష్ సులువైన భాషల వర్గంలోదే అని వాళ్ళే చెబుతారు. ఆ సులువైన భాషలో ఉద్యోగానికి తగినంత పట్టు రావడానికి వాళ్ళు వేసిన లెక్క 600 నుంచి 750 క్లాసు గంటలు. అదీ చిన్న చిన్న బృందాల్లో, జీతం తీసుకుంటూ రోజంతా అదే పనిగా చదివే పెద్దవాళ్ళకు. హైస్కూల్లో ఏడాదికి 180 రోజులు, రోజుకు నలభై అయిదు, యాభై నిమిషాలు. అంటే ఏడాదికి 135 నుంచి 150 గంటలు. రెండేళ్ళకు 300 దాటవు. పాతిక ముప్ఫై మంది ఉన్న క్లాసులో ఒక్కొక్క పిల్లవాడు నోరు విప్పే సమయం వారానికి కొన్ని నిమిషాలే. ఇలా రెండేళ్ళు చదివి ‘స్పానిష్ వచ్చు’ అనుకోవడం ఎలా కుదురుతుంది?

కానీ వ్యవస్థ అంతా ఆ రెండేళ్ళ చుట్టూనే తిరుగుతోంది. టెక్సస్‌లో హైస్కూల్ పూర్తికి ఒకే భాషలో రెండు క్రెడిట్లు కావాలి. కాలిఫోర్నియా యూనివర్సిటీలు రెండేళ్ళు తప్పనిసరి అంటాయి, మూడేళ్ళు మంచిదంటాయి. చాలామంది పిల్లలు రెండేళ్ళకు గడి నింపుకుని బయటపడతారు. వర్తమాన కాలం, భూతకాలం ముగిసి, కథ చదవగలిగే చోటికి రాబోతుండగా తలుపు మూసుకుంటుంది. లాటిన్‌లో ఇది ఇంకా నష్టం. మొదటి రెండేళ్ళూ విభక్తులు, క్రియారూపాలు. అసలు రచయితలు ఎదురయ్యేది మూడో ఏటనుంచి. రెండేళ్ళకు మానేసినవాళ్ళు లాటిన్ కష్టం మొత్తం పడి, లాటిన్ ఇచ్చే ప్రతిఫలం ఒక్కటీ తీసుకోకుండా వెళ్ళిపోతున్నారు. టెక్సస్‌లో అయితే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాషతోనూ ఈ క్రెడిట్ తీర్చుకోవచ్చు. మన ఇళ్ళలో ఆ దారి ఎంత ఆకర్షిస్తుందో చెప్పనక్కర్లేదు. కోడింగ్ నేర్చుకోవలసిన విద్యే, అందులో వాదం లేదు. కానీ దానిలో ఎదుటి మనిషి లేడు. భాష అన్న గడిని దానితో నింపడం పిల్లల నుంచి ఒక అవకాశాన్ని తీసేసుకోవడమే.

స్పానిష్ గురించి మరో సంగతి తెలుగు ఇళ్ళలో తెలియాలి. టెక్సస్ పడమటి మూలన మార్ఫా అనే చిన్న ఊరు ఉంది. అక్కడి బ్లాక్‌వెల్ స్కూల్లో 1965 దాకా మెక్సికన్ మూలాల పిల్లలను విడిగా కూర్చోబెట్టి చదివించారు. 1954లో ఆ పిల్లల చేత కాగితం ముక్కల మీద ఇక స్పానిష్ మాట్లాడబోమని రాయించి, వాటిని పెట్టెలో పెట్టించి, జెండా కొయ్య దగ్గర గొయ్యి తీసి పాతిపెట్టించారు. ‘మిస్టర్ స్పానిష్’కు అంత్యక్రియలు. స్పానిష్ మాట నోటివెంట వస్తే దెబ్బలు. 2022లో ఆ బడిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తిస్తూ చట్టం చేశారు. ఆ దేశంలోనే ఇతర బడుల్లో తెల్లపిల్లలకు స్పానిష్ కాలేజీ ప్రవేశానికి పనికొచ్చే చదువు. కాలిఫోర్నియా 1998లో ప్రజల ఓటుతో రెండు భాషల బోధనను దాదాపు అటకెక్కించింది. 2016లో మళ్ళీ ఓటుతోనే దించింది. మధ్యలో 2011లో, రెండు భాషల్లో నిగ్గుతేలిన పిల్లల హైస్కూల్ పట్టా మీద ఒక ముద్ర వేయడం మొదట మొదలుపెట్టిందీ ఆ రాష్ట్రమే. ఇంట్లో స్పానిష్ వింటూ పెరిగిన పిల్లలకు కొన్ని బడులు వేరే క్లాసులు నడుపుతున్నాయి. వాళ్ళకు మాట వచ్చు, రాత రాదు. బయటివాళ్ళకు రాత వస్తుంది, మాట రాదు. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెడితే ఇద్దరూ నష్టపోతారని ఉపాధ్యాయులు ఏళ్ళ తరబడి చెబుతున్నారు. స్పానిష్ క్లాసు అంటే ఆ భాష సొంతదారులు పక్క బెంచీలోనే ఉన్న క్లాసు. లాటిన్‌కు లేని ఈ బరువూ ఈ అవకాశమూ దానికి ఉన్నాయి.

లాటిన్ పాఠం చెప్పే తీరు కూడా ఒకప్పటిలా లేదు. పాంపేయిలో ఒక ఇంటివాళ్ళ కథతో మొదలయ్యే కేంబ్రిడ్జ్ కోర్సు 1970 నుంచి వ్యాకరణం కన్నా చదవడానికి పెద్దపీట వేసింది. డెన్మార్క్ పంతులు హాన్స్ ఎర్‌బెర్గ్ 1950లలో, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా లాటిన్ తప్ప మరో భాష లేని పాఠ్యపుస్తకం రాశాడు. వాటికన్‌లో నలభై ఏళ్ళు లాటిన్ రాసిన రెజినాల్డ్ ఫాస్టర్ మిల్వాకీలో పుట్టిన ప్లంబర్ కొడుకు. రోమ్‌లో వేసవి పాఠాల్లో ఆయన విద్యార్థుల చేత లాటిన్ మాట్లాడించేవాడు. కాలిఫోర్నియాలో స్పానిష్ పంతులు బ్లెయిన్ రే కథలు చెబుతూ భాష నేర్పే పద్ధతి ఒకటి తయారుచేస్తే, దాన్ని ఇప్పుడు లాటిన్ క్లాసుల్లోనూ వాడుతున్నారు. బతికున్న భాషను చూసి పాత భాష నేర్పడం మెరుగుపడిందన్నమాట. హైస్కూల్లో కాలేజీ స్థాయి లాటిన్ పరీక్షకు 2025-26 నుంచి సీజర్ యుద్ధాల స్థానంలో ప్లినీ ఉత్తరాలు పెట్టారు. కవి వర్జిల్ అలాగే ఉన్నాడు. వెసూవియస్ పేలినప్పుడు ఎదురుగా ఉండి చూసి రాసినవాడు ప్లినీ. పదహారేళ్ళ పిల్లకు గాల్ దేశపు దండయాత్రల కన్నా ఇది దగ్గరగా తోచడం సహజం, మంచి మార్పు.

ఇంగ్లండ్ సంగతి క్లుప్తంగా. అక్కడ ప్రభుత్వ బడుల్లో లాటిన్ దొరకడమే అరుదు. 2021లో నలభై బడులకు లాటిన్ అందించాలని నలభై లక్షల పౌండ్లతో ఒక పథకం ప్రకటించారు. 2025లో, విద్యా సంవత్సరం మధ్యలోనే దాన్ని ఆపేశారు. అప్పటికే లాటిన్ మొదలుపెట్టిన పిల్లలు నడిదారిలో చిక్కుకున్నారు. అదే ఏడు వేసవిలో పదో తరగతి స్థాయి పరీక్షలో స్పానిష్ రాసినవాళ్ళు మొదటిసారి ఫ్రెంచ్‌ను దాటారు.

తెలుగు ఇంట్లో పెరిగిన పిల్లలు ఈ రెండు క్లాసుల్లోకీ ఖాళీ చేతులతో వెళ్ళరు. ఇది మనవాళ్ళు గమనించని లాభం. స్పానిష్‌లో ‘నాకు మామిడిపళ్ళు ఇష్టం’ అనాలంటే మామిడిపళ్ళే కర్త, నాకు అన్నది ‘కు’ విభక్తి. ‘మే గుస్తాన్’ అనే ఆ నిర్మాణం అమెరికన్ పిల్లలకు కొరుకుడుపడక నెలలు పడుతుంది. మన పిల్లలకు అది రోజూ భోజనాల బల్ల దగ్గర వినే వాక్యం. లాటిన్‌లో నాకు ఇద్దరు తమ్ముళ్ళున్నారు అనడానికీ అచ్చంగా ‘నాకు’ అన్న రూపంతోనే మొదలుపెట్టవచ్చు. నువ్వు, మీరు అన్న తేడా స్పానిష్‌లో తూ, ఉస్తేద్. వచ్చాను, వచ్చావు అన్నప్పుడు నేను, నువ్వు విడిగా చెప్పనక్కర్లేనట్టే ఈ రెండు భాషల్లోనూ క్రియే ఆ పని చేస్తుంది. క్రియను వాక్యం చివర పెట్టడం లాటిన్‌కు అలవాటైన వరస. త, ద మన పళ్ళ వెనకే పలికినట్టు స్పానిష్‌లోనూ పలుకుతాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకు ఇవన్నీ చేతిలో ఉన్నవే, ఎవరో ఒకరు చూపిస్తే చాలు. తెలుగు మానేసి స్పానిష్ మీద దృష్టి పెట్టమని పిల్లలకు చెప్పే తల్లిదండ్రులు ఆ స్పానిష్‌కు కూడా మేలు చేయడం లేదు.

2010కీ 2017కీ మధ్య అమెరికాలో మాట్లాడేవాళ్ళు అందరికన్నా వేగంగా పెరిగిన భాష తెలుగు. పెరుగుదల 86 శాతం. మనబడి లాంటి తెలుగు బడుల్లో నేర్చుకున్న తెలుగుకు కొన్ని స్కూల్ డిస్ట్రిక్టులు భాషా క్రెడిట్ ఇస్తున్నాయి. రెండు భాషల ముద్రకు తెలుగులో పరీక్ష రాసే వీలూ ఉంది. ఆ దారి ఉన్నచోట రెండేళ్ళ నిబంధనను తెలుగుతో తీర్చి, స్పానిష్‌నో లాటిన్‌నో భయం లేకుండా ఇష్టంగా చదవవచ్చు.

భాషను మార్కుల కోసం ఎంచుకునే అలవాటు మనం విమానంలో వెంట తెచ్చుకున్నదే. హైదరాబాదులో, విజయవాడలో ఇంటర్మీడియట్‌లో సంస్కృతం తీసుకున్న లక్షల మందిలో కాళిదాసును చదవాలని తీసుకున్నవాళ్ళు ఎందరు? మార్కులు పడతాయని కాలేజీలే ఆ గడి నింపించాయి. నూటికి తొంభై పైన తెచ్చుకుని ఒక్క శ్లోకానికి అర్థం చెప్పలేని స్థితిలో బయటికొచ్చారు. చేతిలోకి రావలసిన తెలుగు సాహిత్యమూ పోయింది. ఆ తరమే ఇప్పుడు టెక్సస్‌లో, న్యూజెర్సీలో పిల్లల ఫారాలు నింపుతోంది. శాట్ కోసం లాటిన్, సులువని స్పానిష్ అన్న మాటలు నాకు ఆ ఇంటర్మీడియట్ మాటల్లాగే వినిపిస్తాయి, అందుకే బాధ.

నన్ను అడిగితే, ఒక్క భాషకే చోటుంటే స్పానిష్ అంటాను. ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్ళు నాలుగు కోట్లు దాటిన దేశంలో బతకబోయే పిల్లలకు అది పొరుగువాళ్ళ భాష. పాత పుస్తకాలంటే, రాళ్ళ మీది రాతలంటే, వాక్యాన్ని విడదీసి మళ్ళీ కట్టడమంటే ప్రాణం పెట్టే పిల్లవాడికి మాత్రం లాటిన్ వద్దని అడ్డుపడటం తప్పు. వాడు నాలుగేళ్ళూ నిలుస్తాడు, వర్జిల్ దాకా వెళ్తాడు. రెండిటిలో ఏదైనా సరే, ఫారం మీద సంతకం పెట్టేముందు స్కూలు కౌన్సిలర్‌ను కొన్ని విషయాలు అడగాలి. ఈ భాషలో నాలుగో ఏడు క్లాసు నిజంగా జరుగుతోందా, కాగితం మీదే ఉందా? లాటిన్ అయితే మూడో ఏడు, నాలుగో ఏడు పిల్లలను ఒకే గదిలో కలిపి కూర్చోబెడుతున్నారా? ఆ పంతులు రిటైరైతే ఇంకొకరిని పెడతారా, క్లాసే ఎత్తేస్తారా? స్పానిష్ అయితే ఇంట్లో స్పానిష్ ఉన్న పిల్లలకు వేరే తరగతి ఉందా, మొదటి ఏడు పిల్లలు వారంలో ఎంతసేపు మాట్లాడతారు? ఎనిమిదో తరగతిలోనే మొదటి ఏడు పూర్తి చేసే వీలుందా? ఉంటే హైస్కూల్ అయ్యేలోగా అయిదేళ్ళు దొరుకుతాయి.